డ్రైవర్ సాబ్ తెచ్చిన మొక్క

పోయిన సోమవారం పొద్దున కంటి దవాఖానకు పోతూ రైస్ మిల్లు ముందు ఆగాను. బియ్యం లోడు ఎత్తిన లారీ ఒకటి గేటు బయట నిలబడి ఉంది. దాని డ్రైవరు ఇనుప రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి, తల వంచి చప్పుడు వింటున్నాడు. పది టైర్లు. ఏడో టైరు దగ్గర అనుమానం వచ్చి మళ్లీ రెండుసార్లు కొట్టాడు. పదీ పూర్తయ్యేదాకా నేను ఎండలో నిలబడి చూశాను. మా వెనకింటి డ్రైవర్ సాబ్ పోయి ఆ రోజుకు నాలుగు నెలల పదహారు రోజులు. కొత్త కుండ కొన్నా, కొత్త బకెట్ కొన్నా, ఎవరైనా కొత్తగా పరిచయమైనా ఆయన ముందు తట్టి చూసేవాడు. కుండనైతే వేలితో, మనిషినైతే మాటతో.

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు బడిలో లెక్కలు చెప్పాను. వాన ఎప్పుడు పడింది, కరెంటు ఎంతసేపు పోయింది, పాలామె ఎన్ని రోజులు రాలేదు, అన్నీ నోటుబుక్కులో రాసుకునే అలవాటు ఉంది. కాబట్టి ఆయన గురించి నేను చెప్పేవాటిలో ఊహ తక్కువ.

ఆయన మా వెనకింట్లో దిగింది ఆరేళ్ల కింద, జూన్‌లో మొదటి వాన పడిన మర్నాడు. లారీ నడపడం మానేసి అప్పటికి ఏడాది. సామాను ఇంకా ఆటోలోనే ఉంది. మా ప్రహరీ గోడ మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు.

"టీచరమ్మా, మీ డాబ మీద పడ్డ వాన నీళ్లు యాడికి పోతున్నయ్?"

"మోరీలకు."

"మోరీలకు పోయేటియి నా డ్రమ్ముల వడితే మీకేమన్న తక్లీఫా?"

"నల్లా ఉన్నది, బోరున్నది. వాన నీళ్లతోని మీకేం పని?"

"పనున్నది."

"ఏం పని?"

"నీళ్లిచ్చేటోళ్లు గిన్ని సవాళ్లడుగుతరా?"

అడుగుతానని చెప్పాను. ఆయన మా డాబా గొట్టం కింద వేలు పెట్టి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుని రుచి చూశాడు.

"పైన పావురాలున్నయా? రెట్టలు వడ్తే నీళ్లు ఖరాబైతయ్."

"లేవు."

"ఎప్పుడూ రావా?"

"నేను చూసినప్పుడు లేవు."

"చూడనప్పుడు?"

ముప్పై ఒక్క ఏళ్లలో ఏ పిల్లవాడూ నన్ను అట్లా నిలవేయలేదు. డాబా ఎక్కి చూసి వచ్చాను. ఒక ఈక దొరికింది. దాచకుండా చూపించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "కాకిది. నడుస్తది," అని జేబులో పెట్టుకున్నాడు. ఆ ఈక ఎందుకో నేను అడగలేదు.

వారం తిరిగేసరికి ఆయన పెరట్లో, స్నానాల గది గోడకూ మా గోడకూ మధ్య ఉన్న నీడలో, ఇనుప జాలీ బోను ఒకటి లేచింది. మూడు వైపులా తడి గోనెపట్టాలు. లోపల మూలకు లారీ పక్క అద్దం ఒకటి బిగించాడు. తలుపుకు తాళం లేదు. టార్పాలిన్ తాడు చుట్టి, లారీ వాళ్లు లోడు మీద వేసే ముడి వేశాడు.

పాలామె పాలు పోస్తూ గొంతు తగ్గించింది. "టీచరమ్మా, గా డ్రైవర్ గంజాయి వెట్టిండంట."

"నువ్వు చూసినవా?"

"చూడనిస్తే గద! చూడనిస్తలేడంటేనే గంజాయి."

ఆమె తర్కం తప్పే, కానీ నాకూ అనుమానం ఉంది. రెండో వాన పడ్డ రోజు మా గొట్టం నోటికి గుడ్డ కుక్కాను. ఆయన ఖాళీ డ్రమ్ముతో గోడ దగ్గరికి వచ్చాడు. మొక్క చూపిస్తే గుడ్డ తీస్తానన్నాను. డ్రమ్ము దించి ముడి విప్పాడు.

మట్టికుండలో ఇంకో చిన్న కుండ. రెండింటి మధ్య తడి ఇసుక. చిన్న కుండలో మట్టి లేదు. ఇటుక ముక్కలు, బొగ్గు, కొబ్బరి పీచు, నలిపిన కోడిగుడ్డు పెంకు. వాటి మధ్య ఆరు ఆకులు, జానెడు పొడవు, దళసరిగా, విసనకర్రలాగా రెండు వైపులకూ విచ్చుకుని ఉన్నాయి.

"గిదేనా?"

"గిదే."

"ఏం పూస్తది?"

"స్లిప్పర్ ఆర్కిడ్ అంటరు. పువ్వు ముందటి రేకు చెప్పు కొసన డొప్ప తీరుగుంటది. గీ జాతి దక్షిణాన ఒక్క కొండల కాడ్నే ఉన్నది. ఇంకెక్కడ లేదు." గోనెపట్టా మళ్లీ దించేశాడు. "చూసిండ్రు గద. గుడ్డ తీయిర్రి."

ఒక్క కొండల దగ్గరే ఉండే మొక్క మా బాన్సువాడకు ఎట్లా వచ్చింది? ఆ సాయంత్రమే నాతో పనిచేసిన బోటనీ టీచరుకు ఫోన్ చేశాను. "అక్కా, అది కొండ మీది నుంచి తెచ్చుడు నేరం," అంది ఆమె. "ఒకప్పుడు అడవిల అసలే లేకుండా పోయిందనుకున్నరు. నర్సరీల కొంటే కాయితం ఉంటది. కాయితం అడుగు."

అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క జవాబే. మొక్క ఎక్కడిది? దొంగసొత్తుకు నేను ఇన్నేళ్లు నీళ్లిచ్చానా లేదా?

మొదటి ఏడాది దసరా ముందు ఆయన చెప్పింది: కేరళలో బియ్యం దించి వస్తుంటే టీ కొట్టు నడిపే ముసలామె ఇచ్చింది. రెండో ఏడాది మార్చిలో చెప్పింది: నర్సరీలో కొన్నాడు, రసీదు ఉండేది, పోయింది. అదే ఏడాది ఆగస్టులో పాలామెతో అంటుంటే గోడ ఇవతల నుంచి నేను విన్నది: ఒక గుడి దగ్గర పూజారి చేతిలో పెట్టాడు. మూడూ వారాలతో సహా రాసి పెట్టుకున్నాను.

మొక్కను చూసుకోవడంలో మాత్రం ఆయన చెప్పేదీ చేసేదీ ఒకటే. పొద్దున ఎనిమిదిలోపే నీళ్లు. కుండ అంచు వెంబడి మాత్రమే. ఆకుల నడుమ ఒక్క చుక్క నిలిచినా దీపం వత్తి ఒకటి పేని, దాని కొసను ఆ చుక్కకు తగిలించి పీల్చేసేవాడు. అక్కడ నీళ్లు నిలిస్తే మొదలు కుళ్లుతుందట. మే నెలలో రోజుకు ఏడుసార్లు గోనెపట్టాలు తడిపేవాడు, నేను లెక్కపెట్టాను. వడగాలి తోలిన రోజు మొక్కను కూలర్ ఉన్న గదిలో పెట్టి, తాను వరండాలో పడుకునేవాడు. చూడవచ్చినవాళ్లను రెండు చేతుల దూరంలో నిలబెట్టి, వాళ్లు పోగానే ఆకులు లెక్కపెట్టేవాడు. లోపలి అద్దం ఎందుకని అడిగితే, పువ్వు వచ్చినప్పుడు కుండ తిప్పితే కాడ మెలిపడుతుంది కాబట్టి వెనకవైపు చూడటానికి అన్నాడు. నిజమే. కానీ నేను గోడ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆయన కళ్లు ముందు ఆ అద్దంలోకే పోయేవి.

నాలుగో ఏడాది జనవరిలో చెల్లెలి ఇంట్లో పెళ్లి ఉండి రెండు రోజులు పెద్ద కొడప్‌గల్ పోయాడు. ఆయన ముడి వేయడం నేను డాబా మీది నుంచి ఎన్నోసార్లు చూశాను. మూడు చుట్లు, ఒకటి ఎదురు, కొస లోపలికి. శనివారం పొద్దున వెనక గేటు గుండా పోయి విప్పాను. కుండ కింద చీటీ ఏదైనా ఉందేమో, నర్సరీ పేరు ఏదైనా ఉందేమో చూశాను. ఏమీ లేదు. ఆకులు పదకొండు. నడుమ వడ్లగింజంత మొగ్గ. మళ్లీ మూడు చుట్లు, ఒకటి ఎదురు, కొస లోపలికి వేసి వచ్చాను.

ఆదివారం ఆయన వచ్చిన ఐదు నిమిషాలకే గోడ దగ్గర ఉన్నాడు.

"బోను ఇప్పింది మీరే."

"ఎట్ల చెప్తరు?"

"ముడి నాదే. కని సుట్లన్నీ ఒక్క తీరుగున్నయ్. నా చేతికి గంత లెక్కగ రాదు. గిది టీచర్ ముడి."

"అవును, ఇప్పిన. కాయితం కోసం."

నోటుబుక్కు తెచ్చి మూడు జవాబులూ చదివాను. "వీటిల ఒకటే నిజమై ఉండాలె. లేకుంటే ఏదీ కాదు. చెప్పకపోతే ఫారెస్టోళ్లకు ఫోన్ చేస్త."

ఆయన నన్ను చూడలేదు. బోను వైపు చూశాడు. "చేయిర్రి. తీస్కపోతరు. ఆఫీసుల కిటికీల పెడ్తరు. బోరు నీళ్లు పోస్తరు. పదిహేను దినాలల్ల సస్తది. అప్పుడు మీ బుక్కుల రాసుకోర్రి."

ఫోన్ చేయలేదు. నంబరు మాత్రం రాసి ఉంచుకున్నాను.

ఆయన కోపంతో ఆ రోజే బోను ముఖాన్ని వాళ్ల గోడ వైపు తిప్పేశాడు. డ్రమ్ము కూడా తీసుకుపోయాడు. ఆరో రోజు మొగ్గ రాలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

"మూడేండ్లకొచ్చిన మొగ్గ. మీ చెయ్యి తగిలింది."

"నేను మొగ్గను ముట్టలేదు. ఆదివారం మీరు బోను తిప్పిండ్రు. వెలుతురు ఇటునుంచి వచ్చేది అటైంది. శనివారానికి రాలింది. నడుమ ఆరు దినాలు."

"రాసుకున్నరా?"

"రాసుకున్న."

ఆయన పోయి, బోనును మళ్లీ మా వైపు తిప్పాడు. నాతో మాత్రం ఐదు నెలలు మాట్లాడలేదు. వాళ్ల రేకుల మీద పడ్డ నీళ్లే పట్టుకున్నాడు. ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, పదకొండు కాస్తా ఏడయ్యాయి. డాబా మీద నిలబడి అవి తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను. జూన్ చివర మా గొట్టం కింద నేనే ఒక డ్రమ్ము పెట్టి నింపి, మూతపెట్టి ఉంచాను. ఎవరికోసమో చెప్పలేదు. ఒక పొద్దున గోడ మీది నుంచి చెయ్యి వచ్చింది. వేలు ముంచాడు, నాకి చూశాడు.

"బోరు కల్పలేదు గద?"

"మీకు తెల్వదా?"

"తెల్సు. అయినా అడగాలె."

అప్పటి నుంచి మొక్క సంగతి ఏదైనా కావాలంటే నన్ను అడగడం మొదలుపెట్టాడు. పోయినేడు కొత్త ఆకు ఎప్పుడొచ్చింది, ఎండ ముదిరింది ఏ వారం, ఎన్నో రోజుకు వేరు బయటపడింది. నేను పేజీ తిప్పి చెప్పేదాన్ని. ఆయన నమ్మేవాడు, ఒకసారి ఆకులు తానూ లెక్కపెట్టుకున్న తర్వాత. నా ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. ప్రతి ఉగాదికీ అడిగాను. ప్రతి ఉగాదికీ "చెప్త" అన్నాడు.

పోయినేడు ఫిబ్రవరిలో అది పూసింది. పొద్దున ఏడింటికి గోడ మీద రెండుసార్లు తట్టాడు. పిలవడం ఆయనకు రాదు. పోయాను. ఆ రోజు రెండు చేతుల దూరం అనలేదు.

ఊదారంగు నూగు ఉన్న కాడ, జానెడు మీద రెండు వేళ్లు. దాని కొసన ఒక్కటే పువ్వు. పసుపు, కానీ బంతిపువ్వు పసుపు కాదు. శనగపిండి కలిపినప్పటి రంగు. పై రేకుకూ పక్క రేకులకూ ఒక్కోదాని నడుమన నిలువుగా ముదురు గోధుమ చార. స్కేలుతో గీసినట్టు ఉందని రాయబోయి కొట్టేశాను. అంచులు కొద్దిగా చెదిరి ఉన్నాయి. ముందు రేకు సంచిలాగా బోలుగా, తేనె పూసినట్టు మెరుస్తూ ఉంది. అద్దంలో దాని వెనకవైపు కూడా చూపించాడు. వెనక ఇంకా ఎక్కువ నూగు ఉంది.

"పురుగు తేనె ఉందనుకొని లోపట వడ్తది," అన్నాడు. "తేనె లేదు, ఏం లేదు. ఎనక సందుల నుంచి వెళ్లాలె. వెళ్లేటప్పుడు ఈపుకు పుప్పొడి అంటుతది."

"మోసం చేసే పువ్వన్నట్టు."

"ఔ. గందుకే నాకు నచ్చింది. దీని మీద అనుమానం పెట్టుకోనక్కర లేదు. ముందే తెల్సు గద!"

ఆయన నవ్వడం ఇన్నేళ్లలో అదే పెద్దది. పది రోజుల తర్వాత అగ్గిపుల్లతో ఆ పుప్పొడి తీసి, అదే పువ్వులో పెట్టాల్సిన చోట పెట్టాడు. ఊపిరి బిగబట్టడం వల్ల దగ్గు వచ్చి పక్కకు పోయాడు. పువ్వు వాడింది, వెనక కాయ నిలిచింది. ఒక ఆకుల గుత్తి ఒక్కసారే పూస్తుందట; పక్కన కొత్త పిలక అప్పటికే వస్తోంది. కాయ ముదరడానికి ఎనిమిది నుంచి పది నెలలు అన్నాడు. క్యాలెండరు మీద గుర్తు పెట్టాను.

వానాకాలంలో దగ్గు ముదిరింది. సెప్టెంబరులో బీర్కూరు నుంచి ఆయన బిడ్డ వచ్చి నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. ఆటో ఎక్కేముందు ఆయన గోడ దగ్గరికి నడిచి వచ్చాడు. "ముడి ఇప్పుకోర్రి," అన్నాడు. అంతే.

పదకొండో రోజు మధ్యాహ్నం నేను చూడపోయాను. ముక్కుకు గొట్టం ఉంది. బిడ్డ మందులకు కిందికి దిగింది.

"ఆకులెన్ని?"

"పదమూడు. కాయ చిటికెనవేలంత ఉంది."

"నీళ్లు?"

"నిన్న పొద్దున. అంచుకే."

"బోరువి కావుగద?"

"వాన నీళ్లే. సీసాల పట్టుకొచ్చి నాకిపించాల్నా?"

నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా కిటికీ వైపు చూశాడు.

"మీ బుక్కుల మూడు జవాబులున్నయి గద. నాలుగోది రాసుకోర్రి. ఖాళీ బండితోని వాపస్ వస్తున్న. కొండ కింద రోడ్డు మీద ఇద్దరు రెండు బస్తాలు పట్టుకొని నిలవడ్డరు. పువ్వుల మొక్కలు, హైదరాబాదుల మస్తు గిరాకన్నరు. తీస్కున్న."

"అడవియని తెల్సా?"

"తెల్సు. వేర్ల మట్టి ఇంక తడిగనే ఉండె."

"ఎన్ని?"

"అరవై రెండు. చెక్‌పోస్టుల ఎవడన్న సూస్తడని, హోటల్ కాడ ఆపితే ఎవడన్న ఎత్కపోతడని, రెండు టార్పాలిన్లు కప్పి గట్టిగ బిగించిన. ఒకటిన్నర దినం ఇప్పలే. ఏప్రిల్ నెల. అనంతపురం దాటినంక ఇప్పితే మొఖానికి ఆవిరి గొట్టింది, టీచరమ్మా. పాలకూర ఉడికిన వాసన. పోలీసోడు సూడలే, దొంగోడు ముట్టలే. నా ముడే సంపింది."

నేను జారిన దుప్పటి పైకి లాగాను.

"అరవై ఒకటి రోడ్డు పక్కన పారబోసిన. ఒక్కదాని నడుమ జర పచ్చగుండె." ఊపిరి తీసుకున్నాడు. "రాసుకుంటలేరేంది?"

"యాదికుంటది."

"కాయల వేలకు వేలు గింజలుంటయట. మన్ను లెక్క సన్నం. మన చేతుల మొలవయి, సీసాలల్ల మొలిపిస్తరట. గది పలగకముందు ఎవరికన్న చేర్చుర్రి. దాని జాగకు దాన్ని పంపాలె. నాతోని కాలేదు. పోయి ఇస్తే, యాడిదని అడుగుతరు గద."

తొమ్మిది రోజులకు పోయాడు. దినాలు అయిన మర్నాడు ఆయన బిడ్డ ఇల్లు ఖాళీ చేస్తూ, "ఆ కుండ మీరే ఉంచుకోర్రి టీచరమ్మా. మా ఇంట్ల నీడ లేదు. నాయినకు దాని మీదున్న ఫికర్ మా మీద లేకుండె," అంది.

బోటనీ టీచరును అడిగి, ఆర్కిడ్ గింజలను సీసాల్లో మొలిపించే ఒక లెక్చరరమ్మకు ఉత్తరం రాశాను. మొక్క అడవి నుంచి తెచ్చినదనీ, కొన్నది కాదనీ, కాయకు ఎనిమిది నెలలు నిండాయనీ రాశాను. అడవిదన్న మాట లేకుండా ఒక ఉత్తరం, ఆ మాటతో ఒకటి రాసి, రెండోది పోస్టు చేశాను. ఆమె ఫోన్ చేసింది. కాయ ఒక్కటే తీసుకోవడం కుదరదట. తల్లి మొక్కనూ అప్పగించాలి, అటవీ శాఖ మనిషి రావాలి.

నవంబరు మొదటి గురువారం ఇద్దరూ వచ్చారు. లెక్చరరమ్మ బోను ముందు చెప్పులు విడిచి కూర్చుంది. నేను ముడి విప్పాను. చాలాసేపు ఆకులను ముట్టకుండానే చూసి, "బాన్సువాడ ఎండలో ఇది ఇన్నేళ్లు ఎలా బతికిందండీ?" అని అడిగింది. నోటుబుక్కులు ఐదు ఆమె చేతికి ఇచ్చాను. పేజీలు తిప్పుతూ ఒకచోట వేలు పెట్టి ఆగింది. అది మే నెల, గోనెపట్టాలు ఏడుసార్లు.

"గింజ మొలిచి పువ్వు రావాలంటే ఏడెనిమిదేళ్లు పడుతుంది," అంది. నా వయసు డెబ్బై నాలుగు. కూడిక చేసుకున్నాను.

అటవీ శాఖ ఆయన మా బల్ల మీద కాగితం పెట్టుకుని ఒక్కో గడీ నింపాడు. ఆకులు ఎన్ని, కాయలు ఎన్ని, ఎన్నేళ్ల నుంచి ఉంది, ఏ నీళ్లు. అన్నింటికీ చెప్పాను. ఆకుల దగ్గర ఆయన పన్నెండు రాస్తే, పదమూడని దిద్దించాను.

"తెచ్చిన మనిషి పేరు?"

"అప్పజెప్పేది నేను. నా పేరుంది గద పైన."

"మీది పైనుంది మేడం. గిది తెచ్చినాయనది. పోయిండంటిరి గద, ఇగ భయమేంది?"

గోడ అవతలి ఇంట్లో కొత్తగా దిగినవాళ్లు టీవీ పెట్టారు. లెక్చరరమ్మ మొక్కను అట్టపెట్టెలో దించి, చుట్టూ కాగితాలు వదులుగా కూరుతోంది. గాలి ఆడటానికి పెట్టెకు నాలుగు వైపులా రంధ్రాలు ఉన్నాయి. ఆమె మూత వేసినా, కట్టలేదు.

"సరే తీయిర్రి," అన్నాడాయన. "తెలియదని రాస్త."

"తెలియదని రాయకుర్రి," అన్నాను. "తెల్సు. చెప్పను."

ఆయన పెన్ను ఎత్తి నన్ను చూశాడు. ఆ గడి ఖాళీగా వదిలి, కాగితం నా ముందుకు జరిపాడు. సంతకం చేశాను.